చప్పుడు లేని జనరేటర్

తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది మా కంపెనీకి మస్కట్ అవతల సముద్రం ఒడ్డునున్న ఖురియాత్‌లో చేతినిండా పని దొరికింది. కొట్టుకుపోయిన గేట్లు, వంగిపోయిన రెయిలింగులు, ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోతున్న కిటికీ గ్రిల్స్, అన్నీ పీకి కొత్తవి బిగించాలి. ఆ పని సగంలో ఉండగా మా జనరేటర్ చచ్చిపోయింది. ఒక పొద్దున నల్లగా దగ్గి, నూనె కక్కి, మళ్లీ లేవలేదు. దాని కోసం ఎవరమూ కన్నీరు పెట్టలేదు.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మస్కట్‌లో దార్సైట్‌కి అవతల ఒక రేకుల షెడ్డు, రెండు పికప్‌లు, పదకొండు మంది మనుషులు, ఒక మలయాళీ మేనేజరు. ఖురియాత్ పనికి వెళ్లేది ముగ్గురం. నేను ఎలక్ట్రీషియన్‌ని, కోనసీమవాణ్ణి. లైసెన్సు ఉంది కాబట్టి డ్రైవర్ని కూడా నేనే. వెల్డరు నిజామాబాద్ వైపువాడు, నాకంటే రెండేళ్లు చిన్న. మూడో మనిషి కడప జిల్లా ముస్లిం, యాభై దాటినవాడు. మేనేజరుతో సహా అందరూ ఆయన్ని భాయ్ అనే పిలిచేవాళ్లు. గోడకి రంధ్రాలు వేసి చట్రాలు బిగించడం ఆయన పని.

భాయ్ పని చేస్తుంటే నిలబడి చూడాలనిపించేది. డ్రిల్ గోడలో దిగుతున్నప్పుడు ఎడమ అరచేయి గోడకి ఆనించి ఉంచేవాడు. లోపల ఇనుప చువ్వ తగలబోతోందో, బోలుగా ఉందో, రాయి పగలబోతోందో ఆ చేతికి ముందే తెలిసిపోయేది. నేను వచ్చిన కొత్తలో నాకూ నేర్పాలని చూశాడు. నా చేతికి గోడ ఎప్పుడూ గోడలాగే తెలిసింది.

చెయ్యి అంత బాగా పనిచేయడానికి ఒక కారణం ఉంది. చెవులు పనిచేయడం మానేస్తున్నాయి. ఇరవై ఏళ్లు డ్రిల్లు, గ్రైండరు, జనరేటరు, ఈ మూడింటి మధ్యే ఆయన నిలబడ్డాడు. ఎడమ చెవి దాదాపు పోయింది. కుడి చెవికి ఎదురుగా నిలబడి చెబితే అందేది, అదీ చుట్టూ మోత లేనప్పుడే. రూమ్‌లో మామూలుగానే ఉండేవాడు. సైట్‌లో జనరేటర్ నడుస్తుంటే మాత్రం ఆయనకి ఎవరి మాటా అందేది కాదు.

అది ఆయన రహస్యంగానే ఉండిపోయేది, ఇనుప పైపులు జారకపోతే. ఆ చలికాలం ఒక ఇంటి పైఅంతస్తు నుంచి వెల్డరు పైపుల కట్ట దింపుతుంటే తాడు జారింది. "హటో, హటో" అని ఇద్దరం గొంతు చించుకున్నాం. కింద భాయ్ కదల్లేదు. కట్ట వచ్చి ఆయన కాలికి జానెడు దూరంలో పడింది. ఆ పూట మేనేజరు సైట్ చూడటానికి వచ్చి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. భాయ్‌ని ఏమీ అనలేదు. నన్ను పక్కకి పిలిచి, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తానని హిందీలో చెప్పాడు. తప్పు మాటేమీ కాదు. ఎవరైనా చస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయన.

భాయ్‌కి ఇంకా రెండేళ్లు కావాలి. చిన్నకూతురు నర్సింగు చదువుతోంది, మొదటి ఏడు. రోజూ రాత్రి అన్నం తింటూ ఆ చదువు గురించే చెప్పేవాడు. ఎన్ని ఎముకలు ఉంటాయో, వాటి పేర్లు ఏమిటో కూతురు ఫోన్‌లో చెబితే ఆయన మాకు తప్పుల తడకగా అప్పజెప్పేవాడు. "రెండేండ్లు తమ్ముడూ, రెండే రెండు. ఆ పిల్ల తెల్లకోటు ఏసుకున్న్యాక ఈ చెవులు ఉంటే ఎంత, ఊడిపోతే ఎంత" అనేవాడు.

సరిగ్గా ఆ సమయంలో మేనేజరు కొత్త జనరేటర్ ఎంచే పని నాకు అప్పగించాడు. వారంలో కావాలి, ఖర్చు ఎక్కువైతే కారణం చెప్పాలి, అంతే. నాకు ఎక్కడలేని గొప్ప వచ్చేసింది. ఐటీఐలో చదివిన వాట్లూ ఆంపియర్లూ అన్నీ ఆ వారం నా నాలుక మీద నాట్యమాడాయి.

మస్కట్ బజారు రూవీలో పనిముట్ల కొట్లు వరసగా ఉండేవి. నేను వెళ్లిన కొట్టు గుజరాతీ ముసలాయనది. ఆయన నా ముందు మూడు రకాలు పెట్టాడు. మొదటిది చంకలో పెట్టుకుపోయేంత చిన్న పెట్రోలు మిషన్. తాడు లాగగానే కొట్టంతా దద్దరిల్లింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే అదే. దాని మీద రాసిన వాట్లు చూస్తే పరవాలేదనిపిస్తుంది కానీ, అది క్షణకాలం ఇచ్చే శక్తి. నిలకడగా ఇచ్చేది అందులో సగం పైచిలుకు. మా పెద్ద గ్రైండరు మొదలవుతూనే రెండింతలు, మూడింతలు గుంజుతుంది. ఆ పిట్ట అక్కడికక్కడే ముక్కు నేలకేసి పడిపోతుంది. దాన్ని పక్కన పెట్టించాను.

రెండోది మా పాత దాని తమ్ముడు. ఇనుప చట్రం, బయటికి కనిపించే ఇంజను, ఐదు కేవీఏ. గ్రైండరు, డ్రిల్లు, చిన్న వెల్డింగ్ మిషను, ఏది తగిలించినా అడగకుండా పెడుతుంది. ధర కూడా న్యాయంగానే ఉంది. బుద్ధి ఉన్నవాడు ఎవడైనా దాన్నే కొంటాడు. ముసలాయన దాన్ని నడిపి చూపించాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూస్తూ నోళ్లు ఆడించాం. ఒక్క ముక్క వినపడలేదు.

మూడోది నున్నటి ప్లాస్టిక్ పెట్టె. పైన పిడి, కింద రెండు చిన్న చక్రాలు. మూడు కేవీఏ. ధర రెండోదానికి ఇంచుమించు రెండింతలు. ముసలాయన దాన్ని నడిపి, పక్కన నిలబడి, మామూలు గొంతుతో టీ తాగుతావా అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు వినపడింది. ఎంపిక అక్కడే అయిపోయింది. ఆ తరవాత నేను వేసిన లెక్కలన్నీ ఆ ఎంపికకి వేసిన తొడుగులు.

ఇంకో దారి కూడా ఉండేది. అప్పటికే బ్యాటరీతో నడిచే డ్రిల్లులు వచ్చాయి. ఒకటి తెచ్చి చూశాం కూడా. ఖురియాత్ ఎండలో బ్యాటరీ నాలుగు రంధ్రాలకే అలసిపోయేది. మళ్లీ చార్జి పెట్టాలంటే కరెంటు కావాలి, కరెంటు లేకే కదా ఈ గోలంతా.

అట్టముక్క మీద లెక్క వేసుకుని మేనేజరు ముందు కూర్చున్నాను. మేం ముగ్గురమే కాబట్టి రెండు పెద్ద మిషన్లు ఒకేసారి నడవవని చెప్పాను. వెల్డింగు చాలావరకు షెడ్డులోనే అవుతుందని, సైట్‌లో అతుకులకి సన్న రాడ్లు చాలని చెప్పాను. బరువు సగం, పెట్రోలు సగం అన్నాను. పక్కింటి పెద్దమనిషి నమాజు వేళ మోత ఆపమని రెండుసార్లు వచ్చి అడిగాడని గుర్తు చేశాను. అవన్నీ నిజాలే. అసలు కారణం మాత్రం చెప్పలేదు. ఒక మనిషి చెవుల కోసం రెండింతల ధర పెట్టమంటే ఆ మనిషినే మార్చేయడం చవక అంటాడు. నిండు కుండ తొణకదు సాబ్, అని తెలుగు సామెతని హిందీలోకి దించి చెప్పాను. ఆయనకి ఏమర్థమైందో గానీ సంతకం పెట్టాడు.

వెల్డరుకి కొత్త మిషన్ నచ్చలేదు. "ఏందన్నా గిది, పెండ్లికూతురి పెట్టె లెక్కున్నది. లావు రాడ్ బెడితే మూల్గుతది" అని సణిగాడు. నిజంగానే మూలిగేది. భాయ్ మాత్రం మొదటిరోజు దాని చుట్టూ తిరిగి, మూత మీద చెయ్యి వేసి, నవ్వాడు. "నడస్తాండాదా ఇది! గుండెకాయ మాదిరి కొట్టుకుంటాండాది" అన్నాడు.

ఆ రెండు మూడు నెలలు మా పని హాయిగా సాగింది. మిషన్ పక్కనే ఉన్నా నేను పిలిస్తే భాయ్ తిరిగి చూసేవాడు. మేనేజరు వచ్చిన రోజుల్లో ఆయన అడిగినదానికి జవాబు చెప్పేవాడు. ఒకసారి మేనేజరు నాతో, మీ భాయ్‌కి చెవులు బాగుపడ్డట్టున్నాయే అన్నాడు. అదంతా నా ఘనతే అని నాకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా ఆ సంతోషాన్ని లోపలే చప్పరించాను. చప్పుడుకి చెవులు పోయిన మనిషిని చప్పుడు లేకుండా చేసి నిలబెట్టానని గర్వంగా ఉండేది.

తరవాత ఎండాకాలం వచ్చింది. అక్కడ వేసవి నెలల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని రూలు. ఆ మూడు గంటలు సైట్‌లోనే ఏదో ఒక నీడన పడుకోవాలి. పాత జనరేటర్ ఉన్నప్పుడు విరామం వచ్చిందంటే మొదట చేసే పని దాన్ని ఆపేయడం. ఎంత చెమట పట్టినా, దాని మోత పడేకంటే ఉడికిపోవడమే నయం అనుకునేవాళ్లం. కొత్తదానికి ఆ బాధ లేదు. కాబట్టి ఫ్యాన్ తెచ్చాం. రూమ్‌లో మూలపడి ఉన్న స్టాండు ఫ్యాన్. దాన్ని తగిలించి, మిషన్‌ని గోడ బయట పెట్టి, ముగ్గురం లోపల దర్జాగా నిద్రపోయేవాళ్లం. అరగంటకోసారి ఎండకి మిషన్ వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. ఎవరో ఒకరు తిట్టుకుంటూ లేచి, దానికి నీడ మార్చి, మళ్లీ తాడు లాగాల్సి వచ్చేది.

ఆ రోజు మేం పనిచేస్తున్న ఇల్లు ఇంకా పూర్తికానిది. గోడలకి ప్లాస్టరింగు అయింది, తలుపులు లేవు. సముద్రం వైపు నుంచి ఇసుక కొట్టకుండా కిటికీలన్నిటికీ మేస్త్రీలు ప్లాస్టిక్ కాగితం బిగించి వెళ్లారు. అన్నాలు తిన్నాక వెల్డరూ భాయ్ వెనక గదిలో చాపలు పరుచుకున్నారు. బయట గాలి ఇసుకతో కలిసి వీస్తోంది. మిషన్ అప్పటికే ఒకసారి ఆగింది. నేను దాన్ని చక్రాల మీద లాక్కొచ్చి, ఆ గదికి ముందున్న నడవాలో పెట్టాను. నీడ ఉంది, ఇసుక లేదు. తాడు లాగాను. చక్కగా నడిచింది.

పెట్రోలు ట్యాంకు మీద ఒక బొమ్మ అంటించి ఉండేది. ఇల్లు, ఇంట్లో మిషను, దాని మీద ఎర్రటి అడ్డగీతలు. ఆ బొమ్మ నేను చూడలేదని చెప్పలేను. దాని మీద దుమ్ము పడితే తడిగుడ్డతో తుడిచేది నేనే. అది నల్లపొగ కక్కే మొరటు మిషన్ల కోసం వేసిన బొమ్మ అనుకున్నాను. దీనికి పొగ కనపడదు, మోత వినపడదు. ఇక భయపడటానికి ఏముంది అనుకున్నాను. మోత పెట్టే మిషన్‌ని ఎవడూ చెప్పకుండానే యాభై అడుగుల దూరంలో పెడతాం, పక్కన పెట్టుకుని పడుకోలేం కాబట్టి. ఇన్నాళ్లూ మమ్మల్ని కాపాడింది ఆ మోతే అని అప్పుడు నాకు తట్టలేదు.

నేను వాళ్లతో పడుకోలేదు. నా భార్యని తీసుకురావడానికి ఫ్యామిలీ వీసా కాగితాలు పెట్టి ఉన్నాను. మేనేజరు సంతకం చేసిన ఉద్యోగం లెటరూ, జీతం లెటరూ అప్పుడే ఆఫీసులకి వెళ్లాయి. వాటి సంగతి కనుక్కోవడానికి కంపెనీ తరఫున కాగితాలు తిప్పే మనిషికి ఫోన్ చేయాలి. గదిలో సిగ్నల్ లేదు. పికప్‌లో కూర్చుని, ఏసీ వేసుకుని, గంటన్నర సేపు మొదట అతనితో, తరవాత నా భార్యతో మాట్లాడాను. తనకి దార్సైట్‌లో ఎలాంటి ఫ్లాట్ చూస్తానో చెప్పాను.

తిరిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర వెల్డరు చతికిలబడి వాంతి చేసుకుంటున్నాడు. తల పట్టుకుని, "అన్నా, నెత్తి పల్గిపోతున్నది. భాయ్‌ని లేపినా, లేస్తలేడు" అన్నాడు. నడవాలో మిషన్ బుద్ధిగా నడుస్తోంది. లోపల ఫ్యాన్ దాని కనపడని విషపు పొగనే తీసుకుని భాయ్ ముఖం మీదికి తోస్తోంది. ఆయన పక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా కనిపించింది. భుజం పట్టి కుదిపితే తల వేలాడింది.

భయం వేసింది. మొదట ఎవరి కోసం భయం వేసిందో నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నా కోసమే. ఆ తరవాతే చంకల కింద చేతులు వేసి ఆయన్ని బయటికి ఈడ్చాను. వెల్డరు తూలుతూనే కాళ్లు పట్టుకున్నాడు. పికప్ వెనక పడుకోబెట్టి, వెల్డర్ని పక్కన కూర్చోబెట్టి, ఖురియాత్ ఆసుపత్రికి తోలాను. దారిలో ఒకసారి అద్దంలోంచి చూస్తే వెల్డరు ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూస్తున్నాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు ఏం జరిగిందని అడిగితే జనరేటర్ అని చెప్పాను. ఇంకెక్కువ వివరం ఆయన అడగలేదు, తల ఊపాడు. ఇలాంటివి చూసినవాడిలా ఉన్నాడు. సాయంత్రానికి భాయ్ కళ్లు తెరిచాడు. నన్ను చూసి, మాస్కులోంచే ఏదో అన్నాడు. టైమెంత అని అడిగాడట. మూడున్నర దాటిపోయిందేమో, పని ఆగిపోయిందేమో అని ఆయన దిగులు. నేను ఆయన మంచం పక్కన నిలబడి ఏడ్చాను.

మేనేజరు మస్కట్ నుంచి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. వెల్డర్ని ఒకసారి చూసి, భాయ్ మంచం దగ్గరికి వచ్చి, మాతో నేరుగా విషయంలోకి దిగాడు. "మిషన్ అందర్ కిస్నే రఖా?" లోపల ఎవరు పెట్టారు, అంతే ప్రశ్న. చూపు మాత్రం నా మీదే ఉంది. కరెంటుకి సంబంధించినది ఏదైనా నాదే బాధ్యత. ఆ మిషన్ కొనిపించింది నేను, నడిపేది నేను. నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా దేనికి తెరిచానో నాకు తెలియదు.

ఈలోగా భాయ్ మాస్కు కిందికి లాగాడు. మేనేజరు గట్టిగానే అడిగాడు కాబట్టి ఆయనకి వినపడింది. "మైచ్ రక్ఖా సాబ్" అన్నాడు. నేనే పెట్టాను. "బంద్ హోగయా సమ్ఝా. మేరేకు సునాయి నై దియా." ఆగిపోయిందనుకున్నాను, నాకు వినపడలేదు.

మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయనకి అంతా అర్థమైపోయింది. చెవిటివాడు, నడుస్తున్న మిషన్ని ఆగిందనుకుని నీడలోకి తెచ్చాడు. ఇందులో అనుమానించడానికి ఏమీ లేదు. పైపుల కట్ట పడిన రోజు తన కళ్లతోనే చూశాడు కదా. గోడలో ఇనుప చువ్వ ఎక్కడుందో అరచేత్తో చెప్పే మనిషికి, చక్రాల మీద లాగుతున్న మిషన్ నడుస్తోందో లేదో తెలియదా అని ఆయనకి తట్టలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వెల్డరు నా వైపు చూశాడు, తరవాత కిటికీ వైపు చూశాడు. అతను మిషన్ లోపలికి వచ్చే ముందే నిద్రపోయాడు. తను చూడనిదాని గురించి మాట్లాడనని తరవాత నాతో ఒకసారి అన్నాడు.

రెండు వారాల్లో క్యాన్సిల్ కాగితాలు తయారయ్యాయి. భాయ్ తల నొప్పి తగ్గింది, తిండి తింటున్నాడు, మనిషి బాగానే ఉన్నాడు. నేను ఆ రెండు వారాలూ మేనేజరు గది దాకా వెళ్లి తిరిగి వచ్చేవాణ్ణి. ఒకసారి లోపలికి వెళ్లి కూడా డిస్క్ బ్లేడ్లు అయిపోయాయని చెప్పి బయటికి వచ్చేశాను. సిగ్గుగా ఉండేది, ఊపిరి పీల్చుకున్నట్టు కూడా ఉండేది. రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉంటాయని అంతకుముందు నాకు తెలియదు.

ఆయన వెళ్లే ముందు రోజు పెట్టె సర్దుతుంటే పక్కన కూర్చున్నాను. కూతురికి కొన్న తెల్లబూట్లు చొక్కాల మధ్య పెడుతున్నాడు. ఆయన కుడివైపుకి జరిగి, "ఎందుకు అలా చెప్పారు భాయ్?" అని అడిగాను.

"దేనికా?" అన్నాడు, తల ఎత్తకుండా. "నీ పెండ్లాం కాగితాలు పైకి పోయినాయి గదా. నీ పేరు చెప్తే అవి తిరిగొస్తాయి. నాదేముండాది తమ్ముడూ, ఈ మాసం గాకుంటే పై మాసం, చెవులు నన్ను పంపిచ్చేవే."

"మీకు రెండేళ్లు కావాలన్నారు కదా."

"అంటి. అల్లా ఇయ్యల్యా." బూట్లని ఒక తువ్వాలులో చుట్టాడు. "ఆ మిషను నువ్వు ఎవురి కోసరం తెచ్చినావో నాకు తెల్దనుకున్యావా? ఆ వాట్లు గీట్లు చెప్పి ఆ మలబారీనాయనకు మస్కా కొడితివి గానీ. నా కోసరం తెచ్చినావు. దాంతోనే నిన్ను ముంచుతానా?"

ఆయన తాళం బిగిస్తూ, పెట్టె మీద కూర్చోమన్నాడు, మూత పడట్లేదని. కూర్చున్నాను.

నా భార్య ఆ చలికాలంలో వచ్చింది. చెప్పినట్టే దార్సైట్‌లో రెండు గదుల ఫ్లాట్ తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం గురించి తను అడిగింది, అడుగుతుంది కదా, తనతో ఫోన్ నడుస్తుండగానే జరిగిన సంగతి. కంపెనీలో అందరూ చెప్పుకునే కథే తనకీ చెప్పాను. చెవులు వినపడని ఒక పెద్దాయన తెలియక మిషన్ లోపల పెట్టాడని. పాపం అంది. ఆ తరవాత మా ఇంట్లో ఆ కథ అలాగే స్థిరపడిపోయింది. భోజనానికి వచ్చినవాళ్లకి తనే చెప్పేది, జనరేటర్లతో జాగ్రత్త అంటూ. చెబుతున్నప్పుడు నేను తల ఊపేవాణ్ణి.

భాయ్‌కి ఫోన్ చేయడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది. నంబరు వెల్డరు దగ్గర ఉంది, అతను పండక్కి ఫోన్ చేస్తుంటాడు. ఒక శుక్రవారం పొద్దున నంబరు కలిపాను. కూతురు ఎత్తింది. ఎవరో చెప్పుకున్నాను. చదువు ఎలా ఉందమ్మా అని అడిగాను. "రెండో ఏడు సగంలో ఆపేసినా అన్నా. మందుల షాపులో కూర్చుంటాండా" అంది. ఆ పిల్ల గొంతులో నా మీద ఏ కోపమూ లేదు. ఉండటానికి దానికి ఏమీ తెలియదు. నాయనకి ఇస్తానుండు అని లోపలికి తీసుకెళ్లింది.

"ఎవురూ? తమ్ముడా! బాగుండావా?" అని భాయ్ అరిచాడు. అరిచే పద్ధతిని బట్టి ఆ కుడి చెవి కూడా వెళ్లిపోయిందని తెలిసింది.

నేను బాల్కనీ తలుపు దగ్గరికి జరిగాను. వంటగదిలో నా భార్య పెసరట్లు వేస్తోంది. "భాయ్, ఆ రోజు దాన్ని లోపల పెట్టింది నేను. ఆ మాట మేనేజరుకి నేను చెప్పాల్సింది. చెప్పలేదు. నన్ను క్షమించండి" అన్నాను, మెల్లగా.

"ఆఁ? ఏమంటాండావు? వినపడల్యా. గెట్టిగా చెప్పు."

ఇంకోసారి చెప్పాను, ఇంకాస్త గట్టిగా.

"వినపడల్యా తమ్ముడూ. గెట్టిగా, గెట్టిగా!"

వంటగదిలో అట్లకాడ ఆగింది. ఎవరితో అన్నట్టు నా భార్య తల బయటికి పెట్టి చూసింది. నేను ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"టిఫిన్ చేశారా భాయ్?" అని అరిచాను.

"ఆఁ, చేసినా చేసినా! నువ్వు చేసినావా?" అన్నాడు సంతోషంగా. ఆ మాట మాత్రం ఆయనకి బాగానే వినపడింది.